గనుల దారిలో స్పెయిన్

లండన్‌లో జాన్ టేలర్ అండ్ సన్స్ అని ఓ గనుల కంపెనీ ఉండేది. 1880లో అది మైసూరు సంస్థానంలోని కోలారు గనుల్లో అడుగుపెట్టింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని జాతీయం చేసేదాకా ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, నందిదుర్గం, మైసూరు గనుల పెత్తనమంతా దానిదే. అదే కంపెనీ కోలారు మట్టి తవ్వడానికి ముప్పై ఏళ్ల ముందే, 1849లో, స్పెయిన్ దక్షిణాన లినారెస్ అనే ఊళ్లో సీసం గనులు మొదలుపెట్టింది. ఇక్కడికి వచ్చినట్టే అక్కడికీ ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్లు వెళ్లారు. ఇక్కడ కట్టుకున్నట్టే అక్కడా తమ సమాధుల తోట తాము కట్టుకున్నారు.

అంటే ఊరిగాం, మారికుప్పం, బంగారుపేటల్లో పుట్టినవాళ్లకు, కుప్పం, వి.కోట, పలమనేరుల నుంచి తాతలు గని పనికి వెళ్లినవాళ్లకు స్పెయిన్ మరీ పరాయి దేశం కాదన్నమాట. ఒకే యజమాని దగ్గర పనిచేసిన దూరపు ఊరు. అలాంటి ఊరిని చూసిరావడానికి టూర్ కంపెనీల ప్యాకేజీ పనికిరాదు.

ప్యాకేజీల్లో ఏముంటాయో అందరికీ తెలిసిందే. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం, బార్సిలోనాలో 1882లో మొదలై ఇప్పటికీ పని పూర్తికాని సాగ్రదా ఫమీలియా చర్చి, గ్రనాడాలో అరబ్బు రాజుల అల్‌హంబ్రా కోట, చివర్లో కోస్తా దెల్ సోల్ తీరంలో రెండు రోజులు. అన్నీ చూడదగినవే. అల్‌హంబ్రాను వదిలేసి రమ్మని ఎవరూ అనరు. కానీ వాటి గురించి చెప్పడానికి వందమంది ఉన్నారు.

'జిందగీ నా మిలేగీ దొబారా' సినిమా వచ్చాక మనవాళ్లు ఎక్కువగా అడుగుతున్నది బున్యోల్ గురించి. వాలెన్సియా దగ్గరి ఆ చిన్న ఊళ్లో ఆగస్టు చివరి బుధవారం జనం టమాటాలతో కొట్టుకుంటారు. 2013 నుంచి అందుకు టికెట్టు కూడా పెట్టారు. కోలారు మార్కెట్టు సంగతి తెలిసినవాళ్లకు ఇది చిత్రంగానే ఉంటుంది. ధర పడిపోయిన ఏడు మన రైతు టమాటాలను డబ్బులు తీసుకోకుండానే రోడ్డు మీద పారబోస్తాడు.

ఇక లినారెస్. మాడ్రిడ్ నుంచి దక్షిణానికి రైల్లో వస్తే లినారెస్-బయేసా స్టేషన్లో దిగాలి. ఊరు అక్కడి నుంచి కొద్ది దూరం. చుట్టూ ఎటు చూసినా ఆలివ్ తోటలే. ప్రపంచంలో ఆలివ్ నూనె ఎక్కువగా తయారయ్యేది ఈ హయేన్ జిల్లాలోనే. తోటల మధ్య రాతి ఇంజన్ గదులు, వాటిని ఆనుకుని పొడవాటి పొగగొట్టాలు నిలబడి ఉంటాయి. గనిలో ఊరే నీటిని ఆవిరి యంత్రాలతో తోడిపోయడానికి కట్టినవి అవి. ఊళ్లో గనుల చరిత్ర చెప్పే కేంద్రం ఒకటుంది. గిటార్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా 1893లో పుట్టింది ఇక్కడే. ఆయన పేర మ్యూజియమూ ఉంది. చదరంగం తెలిసినవాళ్లకు ఈ పేరు మరోలా పరిచయం. 'చదరంగపు వింబుల్డన్' అని పిలుచుకున్న లినారెస్ టోర్నమెంటును విశ్వనాథన్ ఆనంద్ 1998లో, 2007లో, 2008లో గెలిచాడు. పక్కనే ఉన్న ఉబేదా, బయేసా అనే రెండు పాత పట్టణాలకు 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ మూడూ కలిపి చూడటానికి రెండు రోజులు చాలు.

ఎక్కువ రోజులు ఉండాల్సింది రియో తింతోలో.

ఇది వెల్వా జిల్లాలోని రాగి గనుల ప్రాంతం. 1873లో స్పెయిన్ ప్రభుత్వం అప్పులు తీర్చుకోలేక ఈ గనుల్ని బ్రిటిష్ పెట్టుబడిదారులకు అమ్మేసింది. ఈరోజు ప్రపంచమంతా తెలిసిన రియో టింటో కంపెనీకి ఆ పేరు ఇక్కడి నది నుంచే వచ్చింది. నది నీళ్లు ఎర్రగా, కొన్నిచోట్ల ద్రాక్షసారా రంగులో ఉంటాయి. రాతిలోని ఇనుము, గంధకం, వాటిని తిని బతికే సూక్ష్మజీవులు కలిసి ఆ నీటిని ఆమ్లంగా మార్చాయి. అంగారకుడి మీద జీవం ఉంటే ఎలా ఉంటుందో ఊహించడానికి నాసా శాస్త్రవేత్తలు కూడా ఇక్కడికి వచ్చారు. కంపెనీ ఖనిజం మోయడానికి వేసిన రైలు దారిలో కొంత భాగం మీద ఇప్పుడు యాత్రికుల రైలు నడుస్తోంది. పోను రాను 22 కిలోమీటర్లు, నది ఒడ్డునే. కిటికీలోంచి ఎర్రటి నీళ్లు, పసుపు రాళ్లు, తుప్పు పట్టిన పాత వ్యాగన్లు కనిపిస్తుంటాయి.

మ్యూజియం పెట్టింది కంపెనీ వారి పాత ఆసుపత్రి భవనంలో. రోమన్ల కాలం నాటి సొరంగం ఎలా ఉండేదో అక్కడ మళ్లీ కట్టి చూపించారు. మనవాళ్లు ఆగి చూడాల్సింది మాత్రం ఒక రైలు పెట్టె. పేరు 'మహారాజా పెట్టె'. 1892లో బర్మింగ్‌హామ్‌లో తయారైంది. విక్టోరియా రాణి ఇండియా ప్రయాణం కోసం చేయించారని అక్కడ చెబుతారు. రాణి ఇండియాకు రానే లేదు. ఆ పెట్టె మాత్రం స్పెయిన్ గనికి చేరి ఆ దేశపు రాజుగారిని మోసింది.

ఊరి పక్కనే బెల్లావిస్తా. ఇంగ్లీషు దొరల కోసం గోడ కట్టి, గేటు పెట్టి కట్టిన కాలనీ. విక్టోరియా కాలపు ఇళ్లు, చర్చి, క్లబ్బు, టెన్నిస్ కోర్టు. స్పెయిన్ అమ్మాయిని పెళ్లాడిన ఇంగ్లీషు ఉద్యోగి అక్కడ కాపురముండకూడదన్నది కట్టుబాటు. 21వ నంబరు ఇంటిని ఇప్పుడు అప్పటి సామానుతో సహా అలాగే ఉంచి చూపిస్తున్నారు. మన కోలారు గనుల ఊరు కేజీఎఫ్‌ను 'లిటిల్ ఇంగ్లండ్' అని మురిసిపోతూ చెప్పుకునేవాళ్లు ఆ ఇల్లు ఒకసారి చూడాలి. మన దగ్గరా దొరలకు తోటల మధ్య బంగళాలు, గోల్ఫ్ మైదానం. కూలీలకు తడికల గుడిసెల లైన్లు.

రియో తింతోవాళ్లు మెచ్చుకోదగ్గ పని మరొకటి చేశారు. చేదు విషయాన్ని దాచలేదు. రాగి రాయిని ఆరుబయట కుప్పలుపోసి కాలిస్తే వచ్చే పొగ పంటల్నీ, ఊపిరితిత్తుల్నీ తినేస్తుంటే 1888 ఫిబ్రవరి 4న రైతులు, గని కూలీలు కలిసి ఊళ్లోకి ఊరేగింపుగా వచ్చారు. సైన్యం కాల్పులు జరిపింది. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 13 మంది. ఊళ్లో చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. 'కాల్పుల సంవత్సరం' పేరుతో దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. మన కేజీఎఫ్‌లోనూ 1930లో వేలిముద్రల రిజిస్ట్రేషన్‌ను వ్యతిరేకిస్తూ వేలమంది కార్మికులు సమ్మె చేశారు. దొంగల్లాగా మా వేలిముద్రలు ఎందుకని వాళ్ల ప్రశ్న. ఈ కథ మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

గని నుంచి సముద్రానికి దారి వెల్వా పట్టణం. ఖనిజాన్ని ఓడల్లోకి దింపడానికి 1876లో పూర్తయిన పొడవాటి రేవు ఓదియెల్ నది మీదకు చొచ్చుకుపోయి ఇంకా అలాగే ఉంది. సాయంత్రమైతే ఊరంతా అక్కడే తిరుగుతుంటారు. స్పెయిన్‌లో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ క్లబ్బు 1889లో పుట్టిందీ ఇక్కడే, గని ఇంగ్లీషువాళ్ల పుణ్యమా అని. నదికి అవతల పుంతా ఉంబ్రియా తీరం. కంపెనీ ఉద్యోగులు గాలి మార్పుకు వచ్చి ఉండే చెక్క ఇళ్లు అప్పట్లో ఇక్కడుండేవి. అలాంటి ఒక ఇంటిని మ్యూజియంగా కట్టారు. ఇసుక తిన్నెలు విశాలంగా ఉంటాయి. కోస్తా దెల్ సోల్‌లో ఉన్నంత జనం ఉండరు. దగ్గర్లోనే పాలోస్. 1492 ఆగస్టు 3న కొలంబస్ ఇండియాకు దారి వెతుకుతూ బయలుదేరింది ఈ రేవు నుంచే. ఆయన మూడు ఓడల నమూనాలు నీటిలో కట్టి ఉంచారు, పిల్లలు ఎక్కి తిరగవచ్చు.

తూర్పు తీరానికి వెళ్లే తీరిక ఉంటే కార్తహేనా, దాని పక్కన లా ఉనియోన్. కార్తహేనాలో 1988లో ఇళ్ల కింద బయటపడిన రోమన్ నాటకశాల ఒక్కటి చాలు, అంత దూరం వెళ్లినందుకు. లా ఉనియోన్‌లో అగ్రూపా విసెంతా గని సొరంగంలోకి నడిచి వెళ్లవచ్చు. ఇక్కడి గని పనివాళ్ల ఏడుపులోంచి పుట్టిన పాటలకు 1961 నుంచి ప్రతి ఆగస్టులో పెద్ద పోటీ జరుగుతోంది. ఫ్లామెంకో గాయకులకు అక్కడ బహుమతి రావడం గొప్ప. అక్కడికి దగ్గర్లోనే పోర్త్‌మాన్ అని ఒక సముద్రపు ఒడ్డు ఊరుంది. 1957 నుంచి 1990 దాకా గని బురదను కోట్ల టన్నుల్లో నేరుగా సముద్రంలోకి వదిలారు. అఖాతం పూడిపోయింది. ఒకప్పుడు రేవుగా ఉన్న ఊరు ఇప్పుడు సముద్రానికి అర కిలోమీటరు పైన లోపలికి పోయింది. నల్లటి ఆ నేల మీద నిలబడితే ఊరిగాం సైనైడ్ గుట్టలు గుర్తుకు రాకుండా ఉండవు. మన బురదకు సముద్రం లేక గుట్టలైంది, అంతే తేడా.

ఉత్తరాన లాస్ మెదులాస్ రోమన్ల బంగారు గని. కొండల్లోకి నీళ్లు వదిలి కొండనే కూల్చి బంగారం కడిగేవారట. మధ్యలో అల్మదేన్ పాదరసం గని. కేజ్‌లో 50 మీటర్ల లోతుకు దింపి చూపిస్తారు. రెండూ యునెస్కో జాబితాలో ఉన్నాయి.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. షెంగెన్ వీసాకు కనీసం రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో దక్షిణ స్పెయిన్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చల్లటి గాలికి అలవాటుపడ్డ కోలారు ఒళ్లు తట్టుకోలేదు. ఏప్రిల్, మే, అక్టోబరు మంచివి. మాడ్రిడ్ నుంచి సెవిల్లేకు హైస్పీడ్ రైలు రెండున్నర గంటలు. అక్కడి నుంచి వెల్వాకు రైలు, వెల్వా నుంచి గనులకు బస్సు. మధ్యాహ్నం భోజనం రెండు తర్వాతే, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. శాకాహారులకు గస్‌పాచో అనే చల్లటి టమాటా చారు, పాలకూర శనగల కూర దొరుకుతాయి. కారం మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి. బెంగళూరు నుంచి మారికుప్పం రైలెక్కితే కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ స్టేషన్లు వరసగా వస్తాయి. ఛాంపియన్ రీఫ్ గని లోతు 3,200 మీటర్లు. అల్మదేన్‌లో యాత్రికుల్ని దింపే లోతుకు 64 రెట్లు. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరుకు కరెంటు వీధి దీపాలు వచ్చింది ఆ తర్వాతే. 1965లో ఇదే ఛాంపియన్ రీఫ్ లోతుల్లో టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హం శాస్త్రవేత్తలు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. 120 ఏళ్లలో 800 టన్నుల బంగారం ఇచ్చి, 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. షాఫ్టుల్లో నీళ్లు నిండాయి. టికెట్టు కొని చూద్దామంటే ఒక్క గదీ లేదు. 'కేజీఎఫ్' సినిమా పేరు చెప్పుకుని వచ్చే కుర్రాళ్లు సైనైడ్ గుట్టల దగ్గర సెల్ఫీ దిగి కోటిలింగేశ్వరుడి గుడికి వెళ్లిపోతున్నారు. ఆవని, కురుడుమలె, హైదర్ అలీ పుట్టిన బూదికోట చూసేవాళ్లు మరీ తక్కువ.

13 గుట్టల్లో మిగిలిన బంగారం తీయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. రియో తింతోలో 2015 నుంచి రాగి మళ్లీ తీస్తూనే ఉన్నారు, రైలూ నడుస్తూనే ఉంది. కాబట్టి రెండూ కుదరవనే మాట చెల్లదు. ప్రభుత్వాన్ని అడగాల్సింది కొంచెమే. ఒక గుట్ట, ఒక షాఫ్టు పైకట్టు, ఒక దొర బంగళా, ఒక కూలీల లైను మిగల్చండి. దారి చూపించే పని గనిలోకి దిగినవాళ్లకే ఇవ్వండి. చివరి షిఫ్టు దిగి పాతికేళ్లయింది. వాళ్లలో చాలామందికి అరవై దాటాయి. ఆలస్యమైతే చెప్పేవాళ్లు మిగలరు.