జగిత్యాల పోరాటం - ఫొటో సాక్ష్యం

జగిత్యాల, సిరిసిల్ల రైతాంగ పోరాటాల గురించి మనకు పాటలున్నాయి, కథలున్నాయి, నవలలున్నాయి, పౌరహక్కుల సంఘాల నివేదికలున్నాయి. ఫొటోలు మాత్రం చాలా తక్కువ. 1978 సెప్టెంబరులో వేలాది రైతులు, కూలీలు జగిత్యాల పట్టణంలోకి నడిచి వచ్చారు. ఆ జైత్రయాత్ర గురించి మనం ఎన్నో పేజీలు రాసుకున్నాం. దాన్ని కళ్లకు కట్టే ఫొటోలు నేను చూసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజుల్లో కెమెరాలు తక్కువగా వుండేవి కాబట్టి ఫొటోలు లేవని సరిపెట్టుకుంటే అది సగం జవాబే అవుతుంది. మిగతా సగం కోసం ఫొటో ఎవరి అవసరం కోసం పుడుతుందో పరిశీలించాలి.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకుందాం. పేదరికాన్ని ఫొటో తీయడం, పేదరికం మీద తిరుగుబాటును ఫొటో తీయడం ఒకటి కావు. మొదటిది పాలకులకు కూడా ఇష్టమైన పనే. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రజలు చనిపోయారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువుకు ఎక్కువగా బలయ్యాయి. అప్పుడు విలోబీ వాలెస్ హూపర్ అనే ఆంగ్ల సైనికాధికారి, ఎముకల గూళ్లలా మిగిలిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఆ మనుషులకు పేర్లు లేవు, వూళ్లు లేవు. ధాన్యం ఎక్కడికి ఎగుమతి అవుతున్నదో, శిస్తు ఎవరు వసూలు చేస్తున్నారో ఆ ఫొటోలో కనిపించదు. నిజాం రాజ్యంలో రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఔరంగాబాదు ప్రాంతపు కరువు సహాయ పనులను ఆల్బంగా తయారు చేసింది. అందులో కథానాయకుడు కరువు బాధితుడు కాదు, దయగల ప్రభువు.

సానుభూతి వున్న కెమెరా కూడా ఈ పరిమితిని పూర్తిగా దాటలేదు. 1930లలో అమెరికా ప్రభుత్వం వ్యవసాయ సంక్షోభాన్ని నమోదు చేయడానికి ఫొటోగ్రాఫర్లను పంపింది. ఆ పథకాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగెటివ్‌లకు రంధ్రం పొడిచి పనికి రాకుండా చేసేవాడు. ఆ పథకంలోనే డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కాయలు కోసే కూలీల శిబిరం దగ్గర ఒక తల్లి ఫొటో తీసింది. అది ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరు మాత్రం లాంగ్ అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే సరిగ్గా జగిత్యాల పోరాటం జరిగిన సంవత్సరంలో. ఆ ఫొటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె చెప్పుకుంది. ఇక్కడ ఫొటోగ్రాఫర్ నిజాయితీని శంకించనవసరం లేదు. ఐతే ఫొటోలోని మనిషి ఫొటోకు ముడిసరుకుగా మిగిలిపోయిందన్న సంగతిని దాటవేయకూడదు.

ఇందుకు భిన్నమైన సంప్రదాయం కూడా వుంది. 1943 బెంగాల్ కరువును చూడటానికి కమ్యూనిస్టు నాయకుడు పి.సి.జోషి తన వెంట సునీల్ జానాను, చిత్తప్రసాద్‌ను తీసుకుపోయాడు. ఒకరు ఫొటోలు తీశారు, మరొకరు బొమ్మలు గీశారు. వాటిని పార్టీ పత్రిక ప్రచురించింది. అదే జానా తర్వాత తెలంగాణ సాయుధ పోరాటాన్నీ ఫొటో తీశాడు. బెంగాల్ ఫొటోలలో చచ్చిపోతున్న రైతు కనిపిస్తాడు. తెలంగాణ ఫొటోలలో తుపాకి పట్టిన రైతు కనిపిస్తాడు. కెమెరా ఒకటే, తీసిన మనిషి ఒకడే. మారింది రైతు నిలబడిన తీరు. ఉద్యమం మనిషి నిలబడే తీరును మార్చినప్పుడే ఫొటో స్వభావం మారుతుందని నా అభిప్రాయం. అమెరికాలో 1968 మే, జూన్ నెలల్లో పేద ప్రజలు వాషింగ్టన్ నడిబొడ్డున ప్లైవుడ్ గుడిసెల నగరం కట్టుకున్నప్పుడు జిల్ ఫ్రీడ్‌మన్ బయటినుంచి వచ్చిపోలేదు. తానూ అక్కడే కాపురముండి, వర్షంలో, బురదలో వాళ్లతో పాటు వుండి ఫొటోలు తీసింది.

ఇప్పుడు జగిత్యాలకు వద్దాం. అక్కడ ప్రజలు లేవనెత్తిన సమస్యలు వెట్టి రద్దు, కూలి రేట్లు, దొరల కబ్జాలో వున్న బంచరాయి భూములు, దొరలు వసూలు చేసిన దండుగుల వాపసు. వాళ్ల ముఖ్యమైన ఆయుధం సాంఘిక బహిష్కరణ. చాకలి బట్టలుతకడు, మంగలి గడ్డం గీయడు, పాలేరు గడీ మెట్టు ఎక్కడు. దీన్ని ఫొటో ఎలా తీస్తాం? పని చేయడం ఫొటోకు అందుతుంది, పని మానేయడం అందదు. ఖాళీగా వున్న గడీ వాకిలిని ఫొటో తీస్తే, చూసేవాడికి వాకిలి కనిపిస్తుందే తప్ప అక్కడికి రాని మనుషులు కనిపించరు. పక్కన నాలుగు వాక్యాలు రాస్తే తప్ప దాని అర్థం తెలియదు. పాట ఈ పనిని సులభంగా చేసింది.

రెండవ కారణం చట్టం. 1978 అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దానికి ఆధారమైన 1948 నాటి చట్టం ప్రకారం, ఐదుగురు అంతకుమించి గుమికూడరాదన్న నిషేధాన్ని ఉల్లంఘించిన వారిపై, హెచ్చరించి, ప్రాణం పోయేలా కాల్చే అధికారం సబ్ ఇన్‌స్పెక్టర్‌కు కూడా వుంది. సంఘం సభను ఫొటో తీస్తే ఏమవుతుంది? ఐదుగురికి మించి గుమికూడినట్లు, ఎవరెవరు గుమికూడినట్లు, ఆ ఫొటోయే రుజువు. మనం చరిత్ర అనుకునేది ఠాణాలో నిందితుల జాబితా అవుతుంది. అలాంటి చోట ఫొటో తీయకపోవడం కూడా ఉద్యమ క్రమశిక్షణే.

మూడవది అచ్చు. ఆనాటి చిన్న పత్రికలు చేతితో అక్షరాలు కూర్చి లెటర్ ప్రెస్‌లో అచ్చయ్యేవి. ఫొటో వేయాలంటే దాన్ని చుక్కలుగా విడగొట్టి జింకు బ్లాకు చేయించాలి. దానికి డబ్బు కావాలి. చేయించినా న్యూస్‌ప్రింటు మీద ముఖాలు నల్లటి మచ్చలయ్యేవి. గీతల బొమ్మ ఐతే బ్లాకు చవక, అచ్చు స్పష్టం. మన పత్రికల అట్టల మీద పిడికిళ్లు, కొడవళ్లు గీతల్లోనే ఎక్కువగా కనిపించడానికి ఇది కూడా ఒక కారణం.

ఈ ఖాళీలోకి మరో ఫొటో వచ్చింది. అది ఎన్‌కౌంటర్ ఫొటో. నేల మీద శవం, పక్కన తుపాకి, కింద పోలీసుల ప్రకటన. ఈ ప్రాంతపు యువకులలో చాలామందిని పత్రికా పాఠకులు మొదటిసారి చూసింది ఈ రూపంలోనే. వాళ్లు ఎలా నడిచారో, సభలో ఎలా మాట్లాడారో చూపే ఫొటో లేదు, ఎలా పడి వున్నారో చూపే ఫొటో మాత్రం వుంది. దీనికి ఎదురుగా నిలిచింది ఇంటి గోడ మీది పటం. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు దరఖాస్తుకు అంటించడానికి తీయించుకున్న చిన్న ఫొటోను తల్లిదండ్రులు స్టూడియోలో పెద్దది చేయించి దండ వేశారు. ఏ డాక్యుమెంటరీ ఫొటోగ్రాఫరూ తీయని ఈ పటమే జగిత్యాల పోరాటపు అసలైన ఫొటో సంపద అని నేననుకుంటున్నాను.

ఇదే స్టూడియో తర్వాతి చరిత్రను కూడా నమోదు చేసింది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల నుంచి గల్ఫ్ దేశాలకు వలస పెరిగాక వేలాది యువకులు పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నారు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలు మొదలయ్యాక పత్రికల్లో మనం చూసింది చనిపోయిన భర్త పటాన్ని చేతిలో పట్టుకున్న భార్యను. జాలి కలిగించే ఈ ఫొటో హూపర్ ఫొటోకు దగ్గరి చుట్టం. అప్పు ఎవరిచ్చారు, నూలు ధర ఎంత, మగ్గం ఎవరిది అన్న ప్రశ్నలు అందులో వుండవు. అదే నేత కార్మికులు కూలి కోసం సమ్మె కట్టినప్పుడు తీసిన ఫొటో జిల్లా పేజీ దాటి రాదు.

కనుక మన ముందున్న పని ఫొటోలు లేవని విచారించడం కాదు. ఇళ్లలో, స్టూడియోల పాత నెగెటివ్‌ల పెట్టెల్లో మిగిలినవాటిని సేకరించాలి. ఫొటో ఎవరు తీశారో, ఎందుకు తీశారో, అందులో వున్నది ఎవరో, ఎవరు కావాలని పక్కకు తప్పుకున్నారో అడిగి రాయాలి. పేరు బయటపెట్టడానికి ఆ మనిషి లేదా కుటుంబం ఒప్పుకుంటేనే పెట్టాలి. ఫొటోను ఇంటి నుంచి తీసుకుపోకుండా నకలు తీసుకుని అసలును అక్కడే వుంచాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది. అప్పటికి పోరాటం ముగిసి 35 సంవత్సరాలు. జగిత్యాల జైత్రయాత్రకు ఇప్పటికే అంతకు మించిన కాలం గడిచింది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేరువేరు జిల్లాలయ్యాయి. ఆనాడు 20 ఏళ్ల వాళ్లకు ఈనాడు 65 దాటాయి. పటంలోని మనిషి ఎవరో చెప్పగలిగినవాళ్లు వుండగానే ఈ పని పూర్తి కావాలి. లేకుంటే రేపటి పరిశోధకుడికి ఆ యువకుల గురించి మిగిలేది పోలీసు ఫైలులోని ఫొటో ఒక్కటే.