గొడుగుకో మోకాలు

మా వీధి చివర మామిడిపళ్ల బండి మీద పెద్ద గొడుగు ఒకటి ఉంటుంది. ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది ఊచలు, మధ్యలో ఇనప పైపు. పైపుకు తొడిగిన జారుడు గొట్టాన్ని పైకి నెడితే గొడుగు విచ్చుకుంటుంది. గొట్టం మళ్లీ జారిపోకుండా, దాని కిందుగా పైపుకున్న బెజ్జంలో ఒక మేకు దూర్చాలి. మేకు ఎక్కడా పడిపోకుండా పురికొసతో పైపుకే కట్టి ఉంది. ఆ గొడుగుకున్న తాళమంతా అదే.

వైశాఖంలో ఒక సాయంత్రం గోదావరి గట్టు వైపు నుంచి ఈదురుగాలి లేచింది. రోడ్డు మీద దుమ్ము సుడి తిరుగుతోంది. బండి ఆవిడ ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేత్తో మేకు లాగుతోంది. రావడం లేదు. నేను పరిగెత్తుకెళ్లి గొట్టాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టాను. ఒంట్లో ఉన్న బలమంతా పెడితే వెంట్రుకవాసి కదిలింది. ఆవిడ తూకం రాయి తీసి మేకు కొసన ఒక్కటి వేసింది. మేకు ఊడొచ్చింది, గొట్టం ధన్‌మని జారి నా బొటనవేలి మీద పడింది. "తెరవడానికి నేనొక్కత్తినీ చాల్తానండి బాబుగారూ, ముయ్యాలంటేనే ఇద్దరు కావాలండి" అంది పళ్ల మీద గోనెపట్టా కప్పుకుంటూ.

బొటనవేలు నొప్పి రెండు రోజుల్లో తగ్గింది. ఆ మాట మాత్రం పట్టుకుని వదల్లేదు. పెద్ద గొడుగుకు గడియ తయారుచేసే వాళ్లందరి ముందూ ఉన్న చిక్కుముడిని ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పేసింది. పట్టి ఉంచడం మేకుకు కూడా తెలుసు. బరువు మీద ఉన్నప్పుడు, ఒక్క చేత్తో, మెల్లగా వదలడం మాత్రం దానికి తెలియదు.

మేకు ఎందుకు పట్టేసిందో చూద్దాం. విచ్చుకున్న గొడుగులో గుడ్డ డప్పుకు బిగించిన తోలులా ఉంటుంది. అది ఊచలన్నిటినీ లోపలికి, కిందికి లాగుతూ ఉంటుంది. ఊచలకు ఆనించిన ఊతకమ్మీలు ఆ లాగుడును తెచ్చి జారుడు గొట్టానికి అప్పజెబుతాయి. ఎనిమిది కమ్మీల ఒత్తిడీ కలిసి గొట్టాన్ని కిందికి తోస్తుంటే మేకు అడ్డంగా నిలబడుతుంది. ఇనుమును ఇనుము ఎంత నొక్కితే రాపిడి అంత. అంటే గుడ్డ ఎంత బిగువుగా ఉంటే మేకు లాగడం అంత కష్టం. గొడుగు బాగుండేకొద్దీ దాని తాళం మొండికేస్తుంది.

ఇక గాలి. దాని తోపు వేగంతో పాటు సమంగా పెరగదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువుతో నొక్కుతుంది. ఎనిమిది అడుగుల గొడుగు నాలుగున్నర చదరపు మీటర్లుంటుంది కనక, పూర్తిగా గాలికి ఎదురు తిరిగితే దాదాపు 28 కిలోల తోపు. ఆకారాన్ని బట్టి అది కాస్త అటూ ఇటూ అవుతుంది. అదే గాలి 72 కిలోమీటర్లయితే 110 కిలోలు, ఒక నిండు బియ్యం బస్తా కంటే ఎక్కువ. అంత గాలిలో మనిషి పైపు పట్టుకుని నిలబడలేడు. ఆ వేళ గొడుగును కాపాడేది మూయడం ఒక్కటే. అందుకే చెబుతున్నాను, గడియకు పట్టు ఎంత ముఖ్యమో విడుపూ అంతే ముఖ్యం.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. చైనాలో హాన్ వంశపు సింహాసనాన్ని ఆక్రమించిన వాంగ్ మాంగ్ అనే చక్రవర్తికి ఎవరో ఒక మాట చెప్పారు: పురాణకాలపు పీత చక్రవర్తి గొప్ప ఛత్రం ఎత్తించి అమరుడై పైకి వెళ్లిపోయాడని. క్రీ.శ. 21లో వాంగ్ మాంగ్ తనకూ అలాంటిదే కావాలన్నాడు. తొమ్మిది అంతస్తుల ఛత్రం, అప్పటి వాళ్ల అడుగుల్లో 81 అడుగుల ఎత్తు, మన లెక్కలో 18 మీటర్ల పైమాటే. రహస్య యంత్రం అమర్చిన నాలుగు చక్రాల బండి మీద దాన్ని నిలబెట్టారు. ఆరు గుర్రాలు పూన్చారు, పసుపు బట్టలు కట్టిన 300 మంది వస్తాదులను పెట్టారు. బండి మీద ఒకడు నగారా వాయిస్తుంటే లాగేవాళ్లు "అమరత్వానికి ఎక్కుతున్నాం" అని అరిచేవారట. అది అచ్చం పాడె బండిలా ఉందని కొలువులోని ఉద్యోగులు చాటుగా చెవులు కొరుక్కున్నారని హాన్ చరిత్ర రాసి పెట్టింది. రెండేళ్లకే, క్రీ.శ. 23లో, వాంగ్ మాంగ్ తిరుగుబాటుదారుల చేతుల్లో చచ్చిపోయాడు.

నాకు ఆ ఊరేగింపు కంటే, రెండో శతాబ్దిలో ఆ చరిత్రకు వ్యాఖ్య రాసిన ఫూ చియెన్ అనే పండితుడి చిన్న వాక్యం ఎక్కువ విలువైనది. ఆ ఛత్రపు కాడలకు 'వంగే మోకాళ్లు' ఉన్నాయని, అందువల్ల దాన్ని పైకి చాచడం, కిందికి ముడవడం కుదిరేదని ఆయన రాశాడు. మోకాళ్లు! పద్దెనిమిది మీటర్ల గొడుగును నిలబెట్టిన కీలుకు అంతకంటే సరైన పేరు ఇంకొకటి దొరకదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ మోకాళ్లు కేవలం మాటలు కావనడానికి మట్టిలోంచి సాక్ష్యాలు వచ్చాయి. కొరియాలో, ఒకప్పటి లెలాంగ్ సీమలో, వాంగ్ క్వాంగ్ అనే వ్యక్తి సమాధిలో ఒకటో శతాబ్దపు ముడుచుకునే గొడుగు దొరికింది. చైనాలోని లోయాంగ్ తవ్వకాల్లో అంతకంటే ఎంతో పాతవి, క్రీ.పూ. ఆరో శతాబ్ది నాటి కంచు కీళ్లు బయటపడ్డాయి. వాటికి జారే గడియలు, శీలలు ఉన్నాయి. గొడుగులకే వాడి ఉండొచ్చని పరిశోధకుల ఊహ.

వీటన్నిటికంటే కళ్లు తిప్పుకోనివ్వనిది చైనా చక్రవర్తి చిన్ షి హ్వాంగ్ సమాధి దగ్గర దొరికిన కంచు రథం. క్రీ.పూ. 210లో చనిపోయిన ఆ చక్రవర్తి సమాధి గుట్టకు పడమటి పక్కన, 1980లో, సగం కొలతలో పోతపోసిన రెండు రథాలు బయటపడ్డాయి. మొదటి రథంలో సారథి నిలబడి ఉంటాడు, తల మీద గుండ్రటి గొడుగు. ఆ గొడుగు కాడను పట్టి ఉంచే పీటకు ఉంగరాల శీలలు, తిప్పితే బిగిసే గడియలు ఉన్నాయి. ఎండ ఎటుంటే అటు గొడుగును వంచి అక్కడే బిగించవచ్చు, అక్కర్లేనప్పుడు కాడను ఊడదీయవచ్చు. ఇవాళ హోటళ్ల పచ్చిక మీద కనిపించే వాలుగొడుగులు చేసే పని అంతా అందులో ఉంది. కంచులో ఇంత సూక్ష్మం పోతపోసిన చేతులు ఎవరివో, పేరు కూడా మిగల్లేదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మన చేతి గొడుగు సంగతి తొందరగా ముగిస్తాను. దాని కథంతా బరువు తగ్గించుకోవడమే. తిమింగలపు ఎముకతోనూ బెత్తంతోనూ ఊచలు చేసే రోజుల్లో గొడుగు ఒక మోత. 1852లో ఇంగ్లండులో షెఫీల్డు దగ్గరి స్టాక్స్‌బ్రిడ్జ్‌లో శామ్యూల్ ఫాక్స్ ఉక్కు తీగను కాలువలా వంచి ఊచలు చేశాడు. ఉక్కు పలచనే, కానీ కాలువ ఆకారం వల్ల వంగదు. చట్రం తేలికైతే గడియకు చిన్న స్ప్రింగు చాలు. మీ ఇంట్లో పాత గొడుగు ఉంటే తెరిచి చూడండి. కాడకు సన్నటి చీలిక, అందులోంచి ముక్కోణంలా పొడుచుకొచ్చిన తీగ. దానికి ఒకవైపు వాలు, రెండోవైపు మెట్టు. గొట్టం పైకి వెళ్లేటప్పుడు వాలు మీదుగా తీగను లోపలికి తొక్కుకుంటూ దాటుతుంది, దాటగానే తీగ టక్కున బయటికొస్తుంది, గొట్టం మెట్టు మీద కూర్చుంటుంది. బొటనవేలితో తీగను నొక్కితే మెట్టు మాయం. 1928లో జర్మనీలో హాన్స్ హౌప్ట్ కాడను కూడా గొట్టంలో గొట్టంగా ముడిచేశాడు. యుద్ధంలో గాయపడి చేతికర్రతో నడిచే మనిషి, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పొడుగాటి గొడుగు మోయలేక ఆ ఆలోచన చేశాడు.

బొటనవేలి గడియ పెద్ద గొడుగుకు పనికిరాదు. అక్కడ మెట్టు మీద కూర్చునే బరువుకు తీగ వంగిపోతుంది, లావు తీగ పెడితే వేలు నొక్కలేదు. అందుకని పెద్ద గొడుగులు వేరే దార్లు వెతుక్కున్నాయి. ఒకటి మర. లారీ కింద పెట్టే మర జాకీ చూడండి. చెయ్యి వదిలేసినా లారీ బరువుకు అది వెనక్కి తిరగదు. మర చుట్ల వాలు బాగా తక్కువగా ఉంటే రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. అలాంటి మరకు వేరే తాళం అక్కర్లేదు. హ్యాండిల్ తిప్పితే తెరుచుకునే కొన్ని గొడుగుల్లో ఉన్నది ఇదే. చిక్కేమిటంటే, గాలి వచ్చినప్పుడు ఆ హ్యాండిల్ ఎన్నెన్నో చుట్లు తిప్పాలి.

రెండోది తాడు. గోదావరి రేవులో పడవను ఆపేవాడు తాడును గుంజకు మూడు చుట్లు చుట్టి కొస మాత్రం పట్టుకుంటాడు. నిండు పడవ లాగుతున్నా అతని చేతికి బరువు తెలియదు. చుట్టు చుట్టుకూ రాపిడి కూడుకోదు, హెచ్చవేసుకుంటూ పోతుంది. తాడుకూ గుంజకూ మధ్య రాపిడి మామూలుగా ఉన్నా సరే, మూడు చుట్లకు చేతి బిగువు నలభై రెట్లు పనిచేస్తుంది. కొన్ని తిప్పుడు గొడుగుల హ్యాండిల్ లోపల ఇరుసుకు ఒక స్ప్రింగు చుట్టి ఉంటుంది. గొడుగు బరువు ఇరుసును వెనక్కి తిప్పబోతే స్ప్రింగు ఇంకా బిగుసుకుంటుంది. హ్యాండిల్‌తో తిప్పితే సడలుతుంది. పడవవాడి తెలివే, ఉక్కులో.

మూడోది మోకాలు. మనం నిటారుగా నిలబడినప్పుడు మోకాలు నిటారై బిగుసుకుంటుంది, కండరాలు పెద్దగా కష్టపడకుండానే ఒంటి బరువు ఎముకల మీదుగా దిగిపోతుంది. వెనకనుంచి ఎవరైనా చిన్నగా తడితే చాలు, కాలు మడత పడిపోతుంది. స్కూటరు సెంటర్ స్టాండు కూడా ఇదే పద్ధతి. తొక్కి నిలబెట్టేటప్పుడు బండి కాస్త పైకి లేచి, ఒక శిఖరం దాటి, అవతలికి వాలి కూర్చుంటుంది. ఆ తర్వాత బండి బరువే స్టాండును మూసుకోనివ్వదు. అంటే విప్పదీయాలని చూసే బరువే బిగించే బరువుగా మారిపోయింది. ఇంకో సుగుణం కూడా ఉంది. రెండు కమ్మీలూ ఒకే గీత మీదికి వస్తున్నకొద్దీ, చెయ్యి జానెడు కదిలితే చివర కదిలేది బెత్తెడు కూడా ఉండదు. అందువల్ల పసిచేతి బలానికైనా పెద్ద బరువు లొంగుతుంది. ఫూ చియెన్ ఆ పేరు రాసినప్పుడు ఏ కీలును చూశాడో గానీ, సరైన అవయవాన్నే తలుచుకున్నాడు.

ఈ కాలపు పెద్ద గొడుగుల గురించి ఒక మాట. జర్మనీలో ఫ్రై ఒట్టో 1971లో కొలోన్ ఉద్యాన ప్రదర్శనకు ముడుచుకునే భారీ గొడుగులు కట్టాడు. ఆ దారిలోనే నడిచిన బోడో రాష్ మదీనాలో ప్రవక్త మసీదు ఆవరణకు 250 గొడుగులు రూపొందించాడు. ఒక్కొక్కటి సుమారు 25 మీటర్ల చదరం. అవి పువ్వుల్లా పైకి విచ్చుకుంటాయి, మూసినప్పుడు చేతులన్నీ మడుచుకుని స్తంభాల్లా నిలబడతాయి. ఒకదాని అంచు ఇంకోదానికి తగలకుండా వాటి కదలికలకు వరస పెట్టారు. అక్కడ కదిలించేవి యంత్రాలు. మా వీధి చివర ఉన్నది ఒక్క ఆడమనిషి చెయ్యి.

ఆ చేతికి సరిపడేదేదో చేద్దామని వెల్డింగ్ కొట్టు కుర్రాడి దగ్గర కూర్చున్నాను. మేకును తీసేయలేదు. దాని పనిని రెండు ముక్కలు చేశాం. ఎత్తు నిలపడం మేకుకే వదిలేసి, గుడ్డ బిగువును మోకాలికి అప్పగించాం. జారుడు గొట్టానికి కిందుగా పైపుకు ఇంకో పొట్టి గొట్టం తొడిగి, రెంటికీ మధ్య నాలుగేసి అంగుళాల రెండు కమ్మీలను కీళ్లతో కలిపాం. పొట్టి గొట్టానికీ పైపుకూ బెజ్జం. కమ్మీలు మడిచి ఉంచి, మొత్తాన్ని పైకి నెట్టి, బెజ్జాలు కలిశాక మేకు దూర్చాలి. అప్పటికి గుడ్డ వదులుగానే ఉంటుంది కనక మేకు వేళ్లతోనే వెళుతుంది. తర్వాత మోకాలిని అరచేత్తో పైపు వైపు నొక్కితే పై గొట్టం చివరి రెండంగుళాలు ఎక్కి గుడ్డ డప్పులా బిగుస్తుంది. మూసేటప్పుడు మోకాలిని ముందుకు లాగితే బిగువు పోతుంది, మేకు దానంతటదే వదులవుతుంది.

మొదటిసారి కమ్మీలు సరిగ్గా ఒకే గీత మీద నిలిచేలా చేశాం. మర్నాడు ఇసక లారీ ఒకటి పక్కనుంచి వెళ్లిన అదురుకే మోకాలు మడత పడి గొడుగు సగం కూలింది. రెండోసారి కుర్రాడు కమ్మీలను ఆపే అడ్డును కోసి కమ్మీలను అరంగుళం అవతలికి పోనిచ్చాడు. ఈసారి విప్పడానికి మళ్లీ తూకం రాయి కావాల్సి వచ్చింది. శిఖరం దాటాలి, కానీ ఎంత దాటాలి? ఆకురాయి, వాషర్లు పట్టుకుని ఒక పూటంతా తంటాలు పడితే మూడు మిల్లీమీటర్ల దగ్గర కుదిరింది. లారీ వెళ్లినా కదల్లేదు. ఆవిడ వేలు వంకీ చేసి లాగితే వచ్చింది.

మృగశిర కార్తె వచ్చిన వారంలో గాలీ వానా కలిసి వచ్చాయి. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ ఎడం చేత్తో పట్టా పళ్ల మీదికి లాగుతూనే కుడి చేత్తో మోకాలిని ముందుకు గుంజింది. గుడ్డ వదులైంది. మేకు తీసి నోట కరిచి పట్టుకుని గొడుగు దించేసింది. నేను చెప్పులు వేసుకునేలోపు పని అయిపోయింది. మేకు కొస నుంచి పురికొస ఆవిడ గడ్డం మీదుగా వేలాడుతూనే ఉంది.