పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించిన్రు.. మన ఊరి మర్రి సంగతేంది?

2018ల మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఫొటోలు దేశమంతా తిరిగినయి. దవాఖానల మనిషికి పెట్టినట్టే చెట్టుకు సెలైన్ సీసాలు కట్టిన్రు. వందల ఏండ్ల మర్రి, మూడెకరాల దాకా పరుచుకున్న మర్రి, చెదలు పట్టి కూలేటట్టయింది. 2017 డిసెంబర్ల పెద్ద కొమ్మ విరిగి పడ్డది. జనాన్ని లోపలికి పోనియ్యకుండ ఆపిన్రు. ముందుగాల కాండానికి రంధ్రాలు చేసి చెదల మందు పోస్తే బయటికే కారింది. అందుకే మందును నీళ్లల్ల కలిపి సీసాలతోని చుక్క చుక్క ఎక్కించిన్రు. వాలిన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆసరా పెట్టిన్రు. చెట్టు నిలబడ్డది.

అందరికీ సీసాలే యాదికున్నయి. కానీ చెదలు ఎందుకు పట్టినయనేది ఎవలూ అడుగరు. చెదలు ఎక్కువగా తినేది ఎండిన, పుచ్చిన కట్టెను. బలంగున్న చెట్టు గాయాన్ని తానే మూసుకుంటది. బలం తగ్గిన చెట్టు మూసుకోలేదు. ఆ సందులకెల్లే చెదలు, బూజు లోపలికి పోతయి. అంటే చెదలు కనిపించేనాటికే చెట్టు నీరసపడ్డదన్నట్టు. పిల్లలమర్రి కొమ్మలెక్కి ఊగినోళ్లు, కింద మట్టిని తొక్కి తొక్కి గట్టిపర్చినోళ్లు లెక్కలేనంత మంది.

ఇగ మన రచ్చకట్ట దగ్గరికి రాండ్రి. చెట్టుకు తిండి తెచ్చే సన్నటి వేర్లు ఎక్కువ శాతం పైన రెండడుగుల మట్టిలనే ఉంటయి. కొమ్మల నీడ దాటి దూరం పోతయి. వాటికి నీళ్లతోపాటు గాలి కూడా కావాలె. మనమేం జేస్తున్నం? మొదలు చుట్టూ మట్టి నింపి గద్దె కడుతున్నం. మొదలుకు ఆనిచ్చి సిమెంటు పోస్తున్నం. ఫ్లెక్సీలకు మొలలు కొడుతున్నం. కిందనే చెత్త కాలబెడుతున్నం. అడ్డమొస్తున్నయని ఊడలు నరుకుతున్నం.

ఊడంటే ఉత్త జడ కాదు తమ్ముడూ. భూమిల దిగితే అదే ఇంకో కాండం. కలకత్తా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్ల ఉన్న పెద్ద మర్రికి రోగమొస్తే 1925ల అసలు కాండాన్నే తీసేసిన్రు. ఇయ్యాల్టికీ ఆ చెట్టు వేల ఊడల మీద బతుకుతున్నది. ఊడను నరికినోడు చెట్టు ముసలితనానికి చేతికర్ర గుంజుకున్నట్టే.

మీ ఊరి చెట్టును ఒకసారి చుట్టూ తిరిగి చూడుండ్రి. కొసకొమ్మలు ఎండుతున్నయా? ఆకు పలచబడ్డదా? మొదట్ల కుక్కగొడుగులు మొలిచినయా? బెరడు మీద చెదల మట్టి గీతలున్నయా? కొమ్మ మొదట్ల పగులు ఉన్నదా? ఉంటే కింద పిల్లలను ఆడనియ్యకుండ్రి, ఫారెస్టోళ్లకు చెప్పుండ్రి. చెదల మందు మీరే తెచ్చి పోయకుండ్రి. అది విషం, పక్కనున్న బాయిలకు, బోరుకు దిగుతది.

మన చేతుల పని వేరే ఉన్నది. మొదలు చుట్టూ సిమెంటు పగులగొట్టి మట్టిని గాలికి విడువాలె. రాలిన ఆకును కాలబెట్టకుండ అక్కడనే కుప్పెయ్యాలె. మొలలు కొట్టుడు బందు చెయ్యాలె. దిగుతున్న ఊడకు వెదురు బొంగుల మట్టి నింపి దారి చూపాలె.

నాటిన మొక్కల్ల 85 శాతం బతకాలని తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్ మీద బాధ్యత పెట్టింది. మంచిదే. మరి తాతల కాలం చెట్టుకు లెక్క ఎవరు చెప్పాలె? నరకాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలె. కానీ సిమెంటు పోసి మెల్లగ చంపుతుంటే అడిగేటోడు లేడు. అందుకే వచ్చే గ్రామసభల లేచి నిలబడి అడుగుండ్రి: ఊర్ల పాత చెట్లు ఎన్ని, వాటి చుట్టూ సిమెంటు తీసేది ఎప్పుడు? జవాబును తీర్మానం పుస్తకంల రాయించుండ్రి. ఊరూరికీ సెలైన్ సీసాలు రావు, అడిగే నోర్లు మాత్రం ఉన్నయి.