ఒకటే కొండ.. రెండు దిక్కుల రెండు మంచు గీతలు ఎందుకు?

2014 మే 25న మన నిజామాబాద్ జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏండ్లే. ఎక్కింది నేపాల్ దిక్కు నుంచి కాదు, ఉత్తరాన టిబెట్ దిక్కు నుంచి. అటు బేస్ క్యాంపు సుమారు 5,200 మీటర్ల ఎత్తుల ఉంటది. ఆడిదాకా బండ్లే పోతయ్. చుట్టూ రాళ్లు, దుమ్ము. నేపాల్ దిక్కు బేస్ క్యాంపు ఎత్తు 5,364 మీటర్లు, పెద్ద తేడా ఏం లేదు. కానీ ఆడ గుడారాలు ఏసేదే ఖుంబు హిమానీనదం మీద. గింత తేడా ఎందుకు?

ఎండకాలం ఆఖరికి కూడా కరగకుండ మంచు నిలిచే కింది అంచును మంచు రేఖ అంటరు. దీన్ని జమ–ఖర్చుల లెక్క అనుకోండ్రి. కురిసిన మంచు జమ, కరిగింది ఖర్చు. రెండూ సమానమైన ఎత్తుల గీత పడుతది.

ఖర్చు సంగతి తెలిసిందే. కిలోమీటరు పైకి పోతే సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతది. ఇగ ఎండ. చలికాలంల మన ఇంటి ఉత్తరం గోడకు ఎండ తగలదు కదా, హిమాలయాల్ల కూడా గంతే. ఒక్క లోయనే చూస్తే ఉత్తరం మొఖాన ఉన్న వాలు మీద మంచు ఎక్కువ రోజులు నిలుస్తది. దక్షిణం మొఖం జల్ది కరుగుతది.

మరి ఎవరెస్ట్ కాడ ఉల్టా ఎందుకైంది? ఆడ జమనే తేడా. నైరుతి రుతుపవనాల తేమంతా దక్షిణం దిక్కే దిగుతది. పైన అది మంచయి కురుస్తది. మబ్బులు ఎండను గూడ ఆపుతయ్. కొండ దాటేసరికి గాలి ఎండిపోతది. మహాబలేశ్వరంల కుండపోత కొట్టిన మబ్బు ఘాట్లు దాటినంక ఉత్తదైనట్టే. పైగా టిబెట్ పీఠభూమి ఎండకాలం బాగ వేడెక్కుతది. జమ తక్కువ, ఖర్చు ఎక్కువ. అందుకే అటు మంచు రేఖ వందల మీటర్లు పైకి పోయింది.

చలి ఒక్కటే ఉంటే సాలదు అనేందుకు ఇంకో సాక్ష్యం అటకామా ఎడారి అంచున ఉన్న లుల్లైలాకో కొండ. ఎత్తు 6,739 మీటర్లు. అయినా దాని మీద హిమానీనదం లేదు. కురవనిది ఏడ నిలుస్తది?

వీటికి తోడు గాలి ఒక వాలు మీది మంచును ఊడ్చి ఇంకో వాలు మీద పోస్తది. నిట్టనిలువు బండ మీదనైతే మంచు జారిపోతది.

ఇది పుస్తకాల ముచ్చటే అనుకోవద్దు. మన కృష్ణా, గోదావరి వాన మీద బతికే నదులు. లడఖ్ రైతు పంట మాత్రం పైనున్న మంచు కరిగి వచ్చే కాలువ మీదనే ఆధారపడ్డది. భూమి వేడెక్కి గీత పైకి జరిగితే ఆ రైతు నీళ్ల నిల్వ తగ్గినట్టే.

అందుకే వాట్సాప్‌ల ఒక మంచు కొండ ఫొటో పెట్టి “గ్లోబల్ వార్మింగ్ అంతా అబద్ధం” అని ఎవరన్న అంటే మూడు ప్రశ్నలు అడగండ్రి. అది ఏ దిక్కు వాలు? ఏ నెల? ఆ ఏడు ఎంత మంచు కురిసింది? ఒక్క వాలు చూసి కొండ లెక్క చెప్పలేం. ఒక్క ఏడు చూసి భూమి లెక్కా చెప్పలేం.