కన్నులు మూసికొనిన దేవదూత

రేడియోలో శిల్పమును గూర్చి ముచ్చటింపబూనుట కొంత సాహసమే. మాట తప్ప మరొకటి శ్రోతలకు చూపజాలము. అయినను జర్మను శిల్పి ఎర్నస్ట్ బార్లఖ్ కథ చెవితో విన్నను మనసున నిలుచునని మా నమ్మకము.

అతడు 1870లో హాంబర్గు నగరమునకు చేరువనున్న వేడెల్ పట్టణమున జన్మించెను. హాంబర్గు, డ్రెస్డెన్, పారిస్ నగరములలో విద్య నేర్చినను చాలకాలము తన దారి యేదో తనకే తెలియలేదు. 1906లో రష్యా సామ్రాజ్యమున సుమారు రెండు మాసములు సంచరించెను. అచటి మైదానములలో రైతులను, బిచ్చగాండ్రను చూచెను. ఒడలెల్ల కప్పిన బరువైన దుస్తులు, వంగిన వీపులు, చాచిన చేతులు - ఇవియే అతని శిల్పమున కడదాక నిలిచినవి. తొలిచూపున ఆ బొమ్మలు మోటుగా తోచును. కొంతసేపు చూచినచో ఆ వస్త్రపు మడతల చాటున చలియు ఆకలియు కనబడును.

1910లో అతడు మెక్లెన్‌బర్గు సీమలోని గ్యూస్ట్రో అను చిన్న పట్టణమున స్థిరపడెను. నాటకములు కూడ వ్రాసెను. వానిని గూర్చి వేరొక ప్రసంగము కావలెను.

1914లో యుద్ధము వచ్చినపుడు పెక్కుమందివలె అతడును ఉత్సాహపడెను. ఆ యుత్సాహము నిలువలేదు. 1927లో గ్యూస్ట్రో కెథీడ్రల్‌లో మృతవీరుల స్మారకముగా అతడు నిలిపినది తుపాకి పట్టిన సైనికుని కాదు. చేతులు రొమ్మున చేర్చి, కన్నులు మూసి, గాలిలో అడ్డముగా తేలుచున్న కంచు దేవదూతను గొలుసుతో వ్రేలాడదీసెను. ఇందులకు కూలి పుచ్చుకొనలేదు. దాని ముఖమున, 1914లో యుద్ధమున కుమారుని గోలుపోయిన శిల్పి కాతె కోల్విట్స్ పోలికలు కలవు. అవి తన ప్రయత్నము లేకయే వచ్చినవని అతడు చెప్పెను.

విజయోత్సాహమును కోరిన నాజీలకు ఈ మౌనము రుచింపలేదు. మాగ్డెబర్గులోని అతని యుద్ధస్మారకమును 1934లో తొలగించిరి. 1937 ఆగస్టులో దేవదూతను దింపిరి. ప్రదర్శనశాలలనుండి అతని కృతులు 300కు మించి స్వాధీనము చేసికొనిరి. మరుసటి యేడు అక్టోబరులో అతడు రాస్టాక్‌లో కన్నుమూసెను. దేవదూతను యుద్ధసామగ్రికై కరగించిరి.

అయితే దాని మూస మిగిలియుండెను. మిత్రులు రహస్యముగా రెండవ ప్రతిమను పోతపోయించి, ఉత్తర జర్మనీలోని ఒక పల్లెలో దాచిరి. పిదప బాంబుదాడిలో ఆ మూసయు నశించెను. యుద్ధానంతరము దేశము రెండుగా చీలగా, గ్యూస్ట్రో తూర్పు జర్మనీ పాలైనది. దాచిన ప్రతిమ 1952లో పశ్చిమ జర్మనీలోని కొలోన్ నగరపు చర్చికి చేరినది. దానినుండియే క్రొత్త మూస తీసి, మూడవ ప్రతిమను పోసి, 1953లో గ్యూస్ట్రోకు పంపిరి. దొంగిలింపబడిన బిడ్డకు మారుగా తోబుట్టువు ఇల్లు చేరినట్లయినది.

1981 డిసెంబరు 13న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్, తూర్పు జర్మనీ నాయకుడు ఎరిక్ హోనెకర్ ఇరువురును ఆ కెథీడ్రల్‌కు వచ్చి ఈ ప్రతిమను దర్శించిరి.