"నాకు తెల్వదు సార్" అంటే సరిపోదు: ఎగ్జాటిక్ జంతువుల డబ్బా మోసేవాళ్ళు తెలుసుకోవాల్సిన చట్టం

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, సంగారెడ్డి సైడు బండి నడిపేవాళ్ళ కోసం, పార్సిల్ ఆఫీసుల్లో పని చేసేవాళ్ళ కోసం. ఇంకా ఇన్‌స్టాలో రంగురంగుల చిలుకని చూసి "బ్రో, రేటెంత?" అని మెసేజ్ పెట్టే తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం కూడా.

ముందు ఒక సీన్ అనుకుందాం. మీరు డీసీఎం నడుపుతారు. షోలాపూర్‌లో లోడు ఖాళీ చేసి తిరిగి వస్తున్నారు. ఫోన్ వస్తుంది.

"అన్నా, ఒక చిన్న డబ్బా ఉంది. పటాన్‌చెరుల మావోడు తీస్కుంటడు. ఐదు వందలిస్త."

"ఏముందిరా అండ్ల?"

"ఏం లేదన్నా, పిట్టలు. ఫారిన్ పిట్టలు, లీగలే."

ఐదు వందలంటే రాత్రి భోజనం, డీజిల్‌కి కొంచెం. డబ్బాకి గాలి రంధ్రాలు ఉన్నాయి, చప్పుడు కూడా పెద్దగా లేదు. ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ డబ్బాతో మహారాష్ట్రలో బయల్దేరి, కర్ణాటకలో హుమ్నాబాద్ దాటి, జహీరాబాద్ దగ్గర తెలంగాణలోకి వస్తారు. ఒక్క రాత్రిలో మూడు రాష్ట్రాలు. మధ్యలో ఎక్కడో బండి ఆపారు, డబ్బా తెరిచారు. అమ్మినవాడి ఫోన్ స్విచ్ఛాఫ్. కొన్నవాడు "నాకేం సంబంధం" అంటాడు. అక్కడ నిలబడింది ఎవరు? మీరు.

ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క నిమిషం గురించే. డబ్బా బండిలో పెట్టుకునే ముందు ఏం అడగాలి, అడగకపోతే చట్టం ఏం చేస్తుంది.

చట్టం ఏం అంటుంది?

మన దేశంలో దీనికి పెద్ద చట్టం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. ఇది కేంద్ర చట్టం. అంటే జహీరాబాద్ బోర్డర్ దాటితే చట్టం మారదు. అనుమతి ఇచ్చే అధికారి మారతారు, అంతే. ప్రతి రాష్ట్రానికీ ఒక చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉంటారు.

ఈ చట్టంలో 48ఏ అని ఒక సెక్షన్ ఉంది. డ్రైవర్లకి, ట్రావెల్స్ వాళ్ళకి, కొరియర్ వాళ్ళకి ముఖ్యమైంది ఇదే. వన్యప్రాణిని రవాణా కోసం తీసుకునేవాళ్ళు, దానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చిన వేరే ఆఫీసర్ అనుమతి గానీ ఉందో లేదో జాగ్రత్తగా చూసుకున్నాకే తీసుకోవాలి అంటుంది. గమనించండి, ఇక్కడ మాట్లాడేది అమ్మేవాడి గురించి కాదు, కొనేవాడి గురించి కాదు. మోసేవాడి గురించి. చూసుకోవాల్సిన బాధ్యత మీ మీదే పెట్టింది.

దీనికి తోడు 57వ సెక్షన్. పట్టి ఉంచిన వన్యప్రాణి మీ స్వాధీనంలోనో, మీ కంట్రోల్‌లోనో ఉందని రుజువైతే, అది అక్రమంగా ఉన్నట్టే కోర్టు అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరు. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ ఈ విషయంలో బరువు మీ వైపు తిరుగుతుంది. అందుకే "నాకు తెల్వదు సార్" అన్న మాట ఒక్కటే మిమ్మల్ని బయటపడేయదు.

"ఫారిన్‌ది కాబట్టి లీగల్" నిజమేనా?

ఇది చాలా మంది నమ్మే మాట. అమ్మేవాళ్ళు కూడా ఇదే చెప్తారు. సులువుగా అర్థం కావాలంటే జంతువులని మూడు గుంపులుగా చూడండి.

మొదటి గుంపు, మన దేశపు వన్యప్రాణులు. రామచిలుక, నక్షత్ర తాబేలు, ఉడుము, అలుగు, జనం రెండు తలల పాము అని పిలిచే పాము, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ఇంట్లో పెంచుకోవడానికి వీటిని కొనడం, అమ్మడం కుదరదు. "మా తాత కూడా చిలుకని పెంచిండు" అంటే చెల్లదు. నక్షత్ర తాబేలు సంగతి ఇంకా సీరియస్. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో 2019లో దాన్ని అన్నిటికంటే గట్టి పట్టికలోకి చేర్చారు. ఇలాంటివాటిని కూడా "ఎగ్జాటిక్" అని పేరు పెట్టి గ్రూపుల్లో అమ్మేవాళ్ళు ఉంటారు. పేరు మార్చినంత మాత్రాన జంతువు మారదు కదా.

రెండో గుంపు, విదేశీ జంతువులే కానీ సైటిస్ పట్టికల్లో ఉన్నవి. ఆఫ్రికన్ గ్రే చిలుక, మకావ్, ఇగ్వానా, బాల్ పైథాన్, మార్మోసెట్ కోతి లాంటివి. ఒకప్పుడు వీటి గురించి మన వన్యప్రాణి చట్టంలో పెద్దగా లేదు. 2022లో చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సైటిస్ జంతువుల కోసం నాలుగో షెడ్యూల్ పెట్టారు. 2024 ఫిబ్రవరి ఆఖర్లో రిజిస్ట్రేషన్ రూల్స్ కూడా వచ్చాయి. అప్పటికే పెంచుకుంటున్నవాళ్ళకి ఆరు నెలల టైమ్ ఇచ్చారు. అది 2024 ఆగస్టుతో అయిపోయింది. ఇప్పుడు కొత్తగా తెచ్చుకుంటే 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో అప్లై చేయాలి. అంటే ఆఫ్రికన్ గ్రేని పెంచడం దానికదే నేరం కాదు. కాగితం లేకుండా పెంచడం, చేతులు మార్చడం నేరం.

మూడో గుంపు, విదేశీవే, పట్టికల్లో లేనివి. బడ్జీలు అంటే మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న పిట్టలు, ఇంకా కాకటీల్స్. వీటికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాగని ఊపిరాడని డబ్బాలో కుక్కి పంపొచ్చని కాదు. జంతు హింస నివారణ చట్టం, 1960 వీటికీ వర్తిస్తుంది. దొంగతనంగా దేశంలోకి తెచ్చినవైతే కస్టమ్స్ కేసు వేరే ఉంటుంది.

ఇప్పుడు డ్రైవర్ వైపు నుంచి చూడండి. చీకట్లో, డబ్బా రంధ్రంలోంచి చూసి అది రామచిలుకనో, పట్టికలో ఉన్న విదేశీ చిలుకనో, పట్టికలో లేనిదో మీరు చెప్పగలరా? నేనైతే చెప్పలేను. అందుకే పిట్టని చూసి నిర్ణయించుకోవద్దు. కాగితం చూసి నిర్ణయించుకోండి.

శిక్ష "యాభై రూపాయలే" అంటారు, ఎందుకు?

కామెంట్లలో తరచూ కనబడే మాట ఇది. "ఏం కాదు బ్రో, 50 రూపాయల ఫైన్." ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా నిజంగానే 10 నుంచి 50 రూపాయలు. కానీ అది వేరే చట్టం. వన్యప్రాణి చట్టం లెక్క వేరు.

ఆ చట్టం కింద మామూలు ఉల్లంఘనకి మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2022 సవరణకి ముందు ఆ జరిమానా 25 వేలే ఉండేది. అలుగు, ఉడుము లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ వరకు జైలు. జరిమానా కూడా 25 వేలకి తగ్గదు. ఇక్కడ "కనీసం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. నేరం రుజువైతే జడ్జిగారు జాలిపడి నెల రోజులు వేసి వదిలేయడానికి చట్టంలో చోటు లేదు.

ఇంకోటి, బండి. నేరానికి వాడిన బండిని సీజ్ చేయొచ్చు. 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి అయ్యే ప్రమాదం కూడా ఉంది. సీజ్ చేసినంత మాత్రాన బండి శాశ్వతంగా పోయినట్టు కాదని, కేసు నడుస్తుండగా మేజిస్ట్రేట్ దాన్ని తాత్కాలికంగా విడుదల చేయొచ్చని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. దారి ఉంది. కానీ లాయర్ ఫీజు, వాయిదాలు, కోర్టు వేరే రాష్ట్రంలో అయితే అక్కడికి తిరగడం, ఇవన్నీ మీ జేబులోంచే. బండి స్టేషన్ ముందు నిలబడి ఉన్నా ఫైనాన్స్ వాళ్ళు ఈఎమ్ఐ ఆపరు.

మనవాళ్ళకి జరిగిందా?

2022 మార్చిలో ఉత్తర బెంగాల్‌లోని అలీపుర్‌దువార్ జిల్లాలో, అసోం బోర్డర్ దగ్గర ఒక బండిని ఆపి చూస్తే లోపల కంగారూ ఉంది. ఆస్ట్రేలియాలో ఉండాల్సిన జంతువు. ఆ బండిలో అరెస్టయిన ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఇల్లు ఇక్కడ, కేసు అక్కడ. కొన్ని వారాలకే సిలిగురి దగ్గర రోడ్డు పక్కన ఇంకొన్ని కంగారూలు దొరికాయి. వాటిలో ఒకటి చచ్చిపోయి కనబడింది. దారిలో వదిలేసి పోయినవాళ్ళకి అది సరుకు మాత్రమే.

మరి వన్యప్రాణిని బండిలో తీసుకెళ్ళడమే తప్పా? కాదు. 2022 డిసెంబర్‌లో మన జిన్నారం మండలం గడ్డపోతారంలో ఒక ఫార్మా కంపెనీలోకి చిరుతపులి దూరింది, చాలా మందికి గుర్తుండే ఉంటుంది. దానికి మత్తు ఇచ్చి, బోనులో హైదరాబాద్ జూకి తీసుకెళ్ళారు. అదీ మన రోడ్డు మీదే వెళ్ళింది. తేడా ఏంటంటే, అక్కడ ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ ఉంది, జూ డాక్టర్లు ఉన్నారు, ఎవరు బాధ్యులో తెలుసు.

మరి ఏం చేయాలి?

డ్రైవర్ అన్నలకి, పార్సిల్ వాళ్ళకి. ప్రాణమున్న డబ్బా వస్తే మూడు అడగండి. ఒకటి, అందులో ఏముందో కాగితం మీద రాసివ్వమనండి, పంపేవాళ్ళ పేరు, ఆధార్ కాపీతో. రెండు, అనుమతి పత్రమో, రిజిస్ట్రేషన్ సర్టిఫికెటో చూపించమనండి. అది ఎవరి పేరు మీద ఉందో చూడండి. మూడు, జంతువు ప్రయాణానికి తగ్గ ఆరోగ్యంతో ఉందని పశువుల డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్. లీగల్‌గా పంపేవాళ్ళకి ఇవి ఇవ్వడం కష్టం కాదు. "అవన్నీ ఎందుకన్నా, ఇంకో రెండొందలు తీస్కో" అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

పెంచుకునేవాళ్ళకి. పుణె నుంచి ఉద్యోగం మారి పటాన్‌చెరు వస్తున్నారు, మీ దగ్గర రిజిస్టర్ చేసిన ఆఫ్రికన్ గ్రే ఉంది. భయపడాల్సింది లేదు. దాన్ని మీతోపాటే తెచ్చుకోండి, సర్టిఫికెట్ కూడా వెంట ఉంచుకోండి. కొత్తగా కొనేవాళ్ళు ఒకటి గమనించండి. 2020 జూన్‌లో కేంద్రం, విదేశీ జంతువులున్నవాళ్ళు తమంతట తాము చెప్పుకోవడానికి ఒక అవకాశం ఇచ్చింది. అప్పటి కాగితం చూపించి ఇప్పుడు అమ్మేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పేరు మీది కాగితం మీకు రక్ష కాదు. చేతులు మారితే ఆ మార్పు రికార్డులోకి ఎక్కాలి.

పొరపాటున డబ్బా ఇప్పటికే మీ బండిలో ఉందనుకోండి, డౌటు వచ్చింది. దారిలో చెట్ల మధ్య విసిరేయకండి, మంజీరలో వదలకండి. ఆ ప్రాణి బతకకపోవచ్చు, బతికితే అక్కడున్నవాటికి ముప్పు కావచ్చు. 112కి కాల్ చేయండి, లేదా దగ్గర్లోని ఫారెస్ట్ ఆఫీసుకి వెళ్ళి మీరే అప్పజెప్పండి. మీకు ఫోన్ చేసిన నంబర్, చాట్, డబ్బులు వేసిన స్క్రీన్‌షాట్ డిలీట్ చేయకండి. మీరే ముందుకొచ్చి చెప్పారనడానికి, అసలు పంపింది ఎవరో చూపించడానికి అవే ఆధారం. తర్వాత ఒక లాయర్‌ని కలవండి.

ఈ వీడియో లింక్‌ని మీ డ్రైవర్ల గ్రూపులో ఒకసారి వేయండి. రేపు రాత్రి ఎవరికో ఒకరికి "అన్నా, చిన్న డబ్బా ఉంది" అని ఫోన్ వస్తుంది. "ముందు కాగితం వాట్సాప్ చెయ్, తర్వాత మాట్లాడుదాం" అని వాళ్ళు అంటే చాలు.