నా గిటార్ ఎందుకు కీచుమంది?

పోయినేడాది ఫెస్ట్‌లో చివరి పాట గుర్తుందా? రెండో చరణం మొదలవ్వగానే ఆడిటోరియం అంతా చెవులు మూసుకునేలా ఒక కీచు అరుపు వచ్చింది. చాలామంది మైక్ పాడైంది అనుకున్నారు. మైక్ కాదు, నా గిటార్.

మిక్సర్ దగ్గర ఉన్నవాళ్లు నా ఛానల్ మ్యూట్ చేసేశారు. మిగతా పాటంతా నేను ఉత్తినే చేతులు ఆడించా. పాడుతున్న ఫైనల్ ఇయర్ అన్నకి కాలేజీలో అదే ఆఖరి పాట. కిందికి దిగాక "పర్లేదు రా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

ఎడిటర్ అక్క "కోడింగ్ తప్ప నీకు బాగా తెలిసిన విషయం ఏదైనా రాయి" అంది కాబట్టి ఆ అరుపు గురించే రాస్తున్నా. నాది ఇంగ్లిష్ మీడియం చదువు, తప్పులుంటే సర్దుకోండి.

అసలు పికప్ ఏం చేస్తుంది?

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద ఉండే చిన్న పెట్టెలాంటిదే పికప్. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన జుట్టంత సన్నటి రాగి తీగ ఉంటాయి. పైన స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఇంటర్‌లో మనం బట్టీ కొట్టిన చాప్టర్ ఇక్కడ పాట పాడుతుందన్నమాట. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం వాయించింది కూడా ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే.

ఒకే కాయిల్ ఉంటే ఒక ఇబ్బంది ఉంది. మన గోడల్లో పారే 50 హెర్ట్జ్ కరెంటు రొదని కూడా అది పట్టేస్తుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేథ్ లవర్ 1955లో దీనికో ఉపాయంతో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, చుట్టిన దిశనీ అయస్కాంత ధ్రువాన్నీ రెండోదానిలో తిప్పేయాలి. బయటి రొద రెండిట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసిపోతుంది. దీన్నే హమ్‌బకర్ అంటారు. పేటెంట్ వచ్చింది 1959లో. ఈలోపు తయారైన వాటి వెనక "పేటెంట్ అప్లైడ్ ఫర్" అని స్టిక్కర్ అంటించేవారు. ఇప్పటికీ పీఏఎఫ్ తరహా అని అమ్మేవన్నీ వాటి నకళ్లే.

సగం డొల్ల గిటార్

పూర్తి డొల్ల గిటార్ శబ్దం బాగుంటుంది, కానీ స్టేజ్ మీద వాల్యూమ్ పెంచితే ఊళపెడుతుంది. గట్టి చెక్క గిటార్ ఊళపెట్టదు, కానీ ఆ గాలి నిండిన తీపిదనం తక్కువ. 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 ఈ రెంటికీ రాజీ. పక్కలు డొల్ల, పైన ఎఫ్ ఆకారంలో రెండు రంధ్రాలు, మధ్యలో మాత్రం నిలువునా ఒక చెక్క దిమ్మ. నాది ఆ తరహాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చవక గిటార్.

రాజీ అంటే జబ్బు తగ్గింది గానీ పోలేదు. స్పీకర్ శబ్దం గిటార్ ఒంటిని ఊపుతుంది, ఒళ్లు తీగల్ని ఊపుతుంది, పికప్ దాన్ని మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. బేస్ కేస్ రాయని రికర్షన్ అనుకోండి. ఒక్కో చుట్టుకీ శబ్దం పెరుగుతూ చివరికి అరుపవుతుంది. బీబీ కింగ్ కోసం 1980లో గిబ్సన్ తెచ్చిన లూసిల్ మోడల్‌కి అసలు ఎఫ్ రంధ్రాలే పెట్టలేదు, కారణం ఈ బాధే.

నేను చేసిన తప్పు

నా గిటార్ నెక్ పికప్ శబ్దం మందంగా, నోట్లో దూది పెట్టుకుని మాట్లాడినట్టు ఉండేది. యూట్యూబ్‌లో పది వీడియోలు చూసి "పవర్ ఎక్కువైతే క్లారిటీ వస్తుంది" అని నేనే తేల్చేసుకున్నా. రెండు నెలలు ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్పిన డబ్బులతో సిరామిక్ అయస్కాంతం ఉన్న, బాగా ఎక్కువ చుట్లున్న హై అవుట్‌పుట్ పికప్‌లు కొన్నా. హాస్టల్ రూమ్‌లో, చిన్న యాంప్‌లో అదిరిపోయింది. స్టేజ్ మీద పెద్ద యాంప్, కాళ్ల దగ్గర మానిటర్లు. ఆ తర్వాత కథ మీకు తెలుసు.

వాల్యూమ్ తగ్గిస్తే పోయేది కదా అంటారా? పోయేదే. అంతమంది ముందు నా బుర్ర పనిచేయలేదు.

కొనే ముందు స్క్రూడ్రైవర్ తీయండి

ఫెస్ట్ అయ్యాక ఊళ్లో గిటార్లు రిపేర్ చేసే ఒకాయన దగ్గరికి వెళ్లా. ఆయన నా పాత పికప్‌లు మళ్లీ పెట్టి, పక్క స్క్రూలు తిప్పి నెక్ పికప్‌ని కిందికి దించాడు. దూది సగం పోయింది! అది తీగలకి మరీ దగ్గరగా ఉండటమే అసలు గోల.

కాబట్టి మొదటి సలహా ఫ్రీ. తీగని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగకీ పికప్‌కీ మధ్య దూరం కొలవండి. నెక్ దగ్గర 2.4 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ దగ్గర 1.6 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, చెవికి నచ్చేదాకా అటూ ఇటూ చేయండి. కొత్త తీగలు వేయండి. ఇంకో కేబుల్‌తో కూడా విని చూడండి. ఇవన్నీ చేశాక కూడా "నాకు ఫలానాది తక్కువైంది" అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే కొత్త పికప్‌ల గురించి ఆలోచించండి. "ఇంకా బాగుండాలి" అన్నది ఆ వాక్యం కాదు.

అంకెలు ఎలా చదవాలి?

పికప్ డబ్బా మీద కిలో ఓమ్స్‌లో ఒక అంకె ఉంటుంది. పీఏఎఫ్ తరహావి సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటాయి. నేను కొన్నది 16. ఈ అంకె పవర్ కాదు, తీగ నిరోధం మాత్రమే. సన్నటి వైరు వాడినా అది పెరుగుతుంది. అసలు చూడాల్సింది ఇండక్టెన్స్, దాన్ని హెన్రీల్లో చెప్తారు. పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక ఫిల్టర్ అవుతాయి. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం, ఆపైన దిగుడు. మనం క్లారిటీ అనేది చాలావరకు ఆ శిఖరం ఎక్కడుందన్నదే.

లెక్క వేద్దాం. ఐదు మీటర్ల కేబుల్, పికప్ సొంతది కలిపి కెపాసిటెన్స్ 600 పీకోఫారడ్లు అనుకోండి. 4.5 హెన్రీల పికప్‌కి శిఖరం సుమారు 3 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. 8 హెన్రీలైతే 2.3 దగ్గరికి దిగిపోతుంది. అంటే చుట్లు పెంచితే శబ్దం పెద్దదవుతుంది గానీ మెరుపు తగ్గుతుంది. క్లారిటీ కోసమని నేను కొన్నది సరిగ్గా క్లారిటీని తగ్గించే వస్తువు!

అయస్కాంతం సంగతి: ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుముతో కలిసిన మిశ్రమం. ఆల్నికో 2 మెత్తగా ఉంటుంది, ఆల్నికో 5 కొంచెం గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. నెక్ మందంగా అనిపిస్తే అక్కడ తక్కువ చుట్లున్నది, బ్రిడ్జ్ దగ్గర కాస్త ఎక్కువ చుట్లున్నది పెట్టుకుంటే రెండూ సమంగా వినిపిస్తాయి.

ఇంకోటి, మైనం. కాయిల్ వదులుగా ఉంటే పికప్ మైక్‌లా పనిచేసి సన్నగా కీచుమంటుంది. అందుకే కరిగించిన మైనంలో ముంచుతారు, దీన్ని పాటింగ్ అంటారు. పాతకాలం పీఏఎఫ్‌లకి ఇది ఉండేది కాదు. ఆ "అసలు రుచి" కోసం ఇప్పుడూ మైనం లేకుండా అమ్ముతారు. ఇంట్లో జాజ్ వాయించుకునేవాళ్లకి ఓకే. స్టేజ్ ఎక్కే సగం డొల్ల గిటార్‌కి మాత్రం మైనం పెట్టిందే తీసుకోండి. ఒక మాట, మైనం ఆపేది ఆ సన్నటి కీచునే. ఒళ్లు ఊగి వచ్చే బొంగురు ఊళకి మందు వాల్యూమ్ తగ్గించడం, యాంప్‌కి కాస్త పక్కకి జరగడం.

అమర్చడం: సీసాలో ఓడ

గట్టి గిటార్‌కి వెనక మూత తీస్తే వైరింగ్ కనిపిస్తుంది. నా దానికి మూతే లేదు. లోపలివన్నీ ఎఫ్ రంధ్రంలోంచే తీయాలి, మళ్లీ అందులోంచే పెట్టాలి. అందుకని నాబ్‌ల కింద ఉండే ఒక్కో పాట్ కడ్డీకి ముందే ఒక దారం కట్టి, ఆ దారం బయట ఉండేలా పాట్‌ని లోపలికి వదలాలి. తిరిగి పెట్టేటప్పుడు ఆ దారం లాగితే అది దాని రంధ్రంలోకే వస్తుంది. విప్పే ముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. హమ్‌బకర్లకి 500 కిలో ఓమ్‌ల పాట్‌లు వాడతారు. కాయిల్ విడగొట్టే పుష్-పుల్ పాట్ కావాలంటే, అది మీ ఎఫ్ రంధ్రంలో పడుతుందో లేదో ముందే కొలవండి. సోల్డరింగ్ అంతా బయటే, అట్టముక్క మీద చేసేసి, యాంప్‌కి పెట్టి విని, ఆ తర్వాతే లోపలికి పంపండి. వైర్ల రంగులు కంపెనీకో రకం, కాబట్టి వాళ్ల కాగితం చూడాల్సిందే. రెండు పికప్‌లూ కలిపినప్పుడు శబ్దం పల్చగా, డొక్కుగా వస్తే ఒకదాని ఫేజ్ తిరగబడినట్టు.

ఈసీఈ చదివే నా రూమ్మేట్ మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటే, ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఒక దారం మధ్యలో తెగింది కూడా. ఆ పాట్‌ని వంగిన హ్యాంగర్ తీగతో వెతికి పట్టుకునేసరికి మెస్‌లో భోజనం అయిపోయింది.

హై అవుట్‌పుట్‌వి సగం ధరకి అమ్మేసి, ఈసారి తీసుకున్నవి ఆల్నికో, 8 కిలో ఓమ్‌లకి దగ్గర, మైనం పెట్టినవి. ఫ్రెషర్స్ డే రోజు అదే స్టేజ్, అదే యాంప్. వాల్యూమ్ నాబ్ మీద వేలు ఉంచుకునే వాయించా. అరవలేదు.

ఆ రికార్డింగ్ అన్నకి పంపా, ఇప్పుడు పుణెలో జాబ్ చేస్తున్నాడు. రాత్రి పదకొండుకి రిప్లై వచ్చింది: "ఇప్పుడు వినిపిస్తోంది రా. డిసెంబర్‌లో వస్తా, ఆ పాట పూర్తి చేద్దాం."